న్యూయార్క్‌లో మెక్‌సార్లీస్ బార్‌కి వెళ్లాల్సినంత ఏముంది?

రెండే రకాల బీరు, చెక్క కుర్చీలు, నేలంతా రంపపు పొట్టు, అయినా ఆ బార్‌కి జనం ఎందుకంత ఎగబడతారు, న్యూయార్క్ వస్తే చూడాల్సిందేనా అని అడిగారు కదా. నేను ఉండేది నది అవతల జెర్సీ సిటీలో, అక్కడి నుంచి న్యూయార్క్ వచ్చే పాత్ ట్రైన్ ఎక్కి నైన్త్ స్ట్రీట్‌లో దిగి ఓ పావుగంట నడిస్తే వచ్చేస్తుంది, ఇండియా నుంచి ఫ్రెండ్స్ ఎవరొచ్చినా టైమ్స్ స్క్వేర్ మీరే చూసుకోండి అని చెప్పి నేను మాత్రం ఇక్కడికి తీసుకెళ్తుంటా. కాబట్టి వెళ్లమనే అంటా.

ముందు ఆర్డర్ సంగతి. మెనూ చూసి ఆలోచించే పని లేదు, లైటా డార్కా అంతే, విస్కీ లేదు, కాక్‌టెయిల్ లేదు. "ఒక డార్క్" అన్నా రెండు చిన్న మగ్గులు వస్తాయి, సగం నురగే ఉంటుంది. వెయిటర్లు ఒక్కో చేతిలో ఎన్ని మగ్గులు ఇరికించి తెస్తారో చూస్తే నవ్వొస్తుంది, టేబుల్ మీద ఠక్కున పెట్టేసి వెళ్లిపోతారు, మర్యాదలేం ఎక్స్‌పెక్ట్ చెయ్యొద్దు. నంజుకోడానికి చీజ్ ప్లేట్ తప్పకుండా చెప్పండి. చీజ్ ముక్కలు, ఉప్పు బిస్కెట్ల ప్యాకెట్, చక్రాల్లా కోసిన పచ్చి ఉల్లిపాయ, పక్కన మగ్గులో ఆవ ముద్ద. ఆ ఆవ ముద్ద చూసి అమెరికా వాళ్లది ఏం ఘాటుంటుందిలే అని చెంచాడు రాసుకున్నారో, ముక్కులోంచి పొగలు వస్తాయి. కరీంనగర్ ఫ్రెండ్ ఒకడు చుట్టూ చూసి "గిదేంది మామా, మన పర్మిట్ రూమే గద" అన్నాడు, వాడన్నదాంట్లో తప్పేం లేదు, ఉల్లిపాయతో సహా అన్నీ ఉన్నాయి.

తేడా ఏంటంటే అక్కడ గోడలు. పాత ఫోటోలు, పేపర్ కటింగులు, పోలీసు బ్యాడ్జీలు, ఖాళీ అనేదే కనపడదు, అన్నీ పొగచూరి ఒకటే రంగులోకి వచ్చేశాయి. మధ్యలో పాత బొగ్గుల పొయ్యి ఒకటి, చలికాలం దాని పక్క టేబుల్ దొరికితే అదృష్టమే. కౌంటర్ పైన చూడండి, పాత దీపానికి ఎముకలు వేలాడుతుంటాయి, కోడికీ టర్కీకీ రొమ్ము దగ్గర రెండు కొమ్మల పుల్లలా ఉంటుందే ఆ ఎముక. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లే కుర్రాళ్లు ఇక్కడ టర్కీ భోజనం చేసి ఎముక తగిలించి వెళ్లేవాళ్లట, తిరిగొచ్చినవాడు తనది తీసేసుకునేవాడట, అంటే ఇంకా వేలాడుతున్నవి రానివాళ్లవి. దశాబ్దాలుగా ఎవరూ వాటిని ముట్టుకోలేదు, దుమ్ము ఊలులా పట్టేసింది. 2011లో హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇది కుదరదు అంటే అప్పటి ఓనర్ మ్యాటీ మాహెర్ పనివాళ్లకి చెప్పకుండా తనే దించి తుడిచాడట. తుడిచి మళ్లీ అక్కడే పెట్టాడు.

ఇక చరిత్ర అంటూ చెప్పే కథలన్నీ నమ్మేయకండి. బోర్డు మీద 1854 అని ఉంటుంది, ఐర్లాండ్ నుంచి వచ్చిన జాన్ మెక్‌సార్లీ పెట్టాడు, అది నిజం, కానీ పాత పన్ను రికార్డులు తిరగేసినవాళ్లు 1861 దాకా ఆ స్థలం ఖాళీగానే ఉంది అంటారు. లింకన్ ఇక్కడ తాగాడని కూడా చెప్తారు. ఆయన 1860 ఫిబ్రవరిలో ఆ పక్కనే ఉన్న కూపర్ యూనియన్ కాలేజీలో ప్రసంగం ఇచ్చిన మాట నిజమే, కానీ రికార్డులే కరెక్ట్ అయితే ఆయన ఖాళీ స్థలంలో నిలబడి తాగి ఉండాలి, పైగా ఆయనకి మందు అలవాటే లేదంటారు. నాకైతే ఇవేవీ అక్కర్లేదు, అక్కడ కళ్లముందు ఉన్నదే చాలు.

అసలు కథ వేరే ఉంది, గైడ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ బార్‌లోకి 1970 దాకా ఆడవాళ్లకి ప్రవేశం లేదు. "మంచి ఏల్ (అంటే వాళ్ల బీరే), పచ్చి ఉల్లిపాయలు, ఆడవాళ్లు లేరు", ఇదీ వాళ్లు గొప్పగా చెప్పుకున్న మాట. ఇద్దరు మహిళలు ఫెడరల్ కోర్టుకి వెళ్లి గెలిచారు, సిటీ కూడా చట్టం చేసింది, 1970 ఆగస్టు 10న తలుపు తెరవక తప్పలేదు. విచిత్రం ఏంటంటే అప్పుడు ఓనర్ ఆడమనిషే, డొరతీ ఓకానెల్ కిర్వన్. 1936లో మెక్‌సార్లీ కొడుకు దగ్గర కొన్న డేనియల్ ఓకానెల్ కూతురు ఆవిడ. వ్యాపారం నడిచే టైమ్‌లో లోపల అడుగు పెట్టనని నాన్నకి మాటిచ్చింది, మూసేశాకే వచ్చేది, చివరికి చట్టం మారాక మొదటి మహిళా కస్టమర్‌గా మీరే రండి అంటే కూడా రానంది. తన సొంత బార్ అండీ! ఆడవాళ్లకి విడిగా టాయిలెట్ వచ్చింది 1986లో, అంటే ఇంకో పదహారేళ్లకి. అందుకే "పాతకాలం ఎంత బాగుండేదో" అని ఎవరైనా అక్కడ కూర్చుని అంటే నాకు ఒళ్లు మండుతుంది. పొయ్యిని, ఎముకల్ని ఉంచుకోవడం వేరు, ఆ రూల్‌ని కూడా సంప్రదాయం అనుకోవడం వేరు. ఇప్పుడు మా ఆవిడా నేనూ కలిసే వెళ్తాం, ఆవ ముద్ద విషయంలో నాకంటే తనే గట్టిది.

నాకు నచ్చేది ఏంటో కూడా చెప్పేస్తా. ఇన్నేళ్లలో పాటలు పెట్టి, కాక్‌టెయిల్స్ పెట్టి డబుల్ రేటు గుంజొచ్చు, చెయ్యలేదు. మ్యూజిక్ లేకపోవడంతో పక్క టేబుల్ వాళ్లతో మాటలు వాటంతటవే కలుస్తాయి, టేబుల్స్ కూడా షేర్ చేసుకోవాల్సిందే, ముసలి పోలీసాయన పక్కన కాలేజీ పిల్లలు, వాళ్ల పక్కన మనం. లైట్‌తో మొదలెట్టకండి, డార్కే బాగుంటుంది, ఇది నా పర్సనల్ ఒపీనియన్.

శనివారం రాత్రి వెళ్తే లైన్‌లోనే సరిపోతుంది, మార్చి 17, అంటే ఐరిష్ వాళ్ల సెయింట్ పాట్రిక్స్ డే పండగ చుట్టుపక్కలైతే అటు వైపు చూడకండి, వీక్‌డే మధ్యాహ్నం బెస్ట్. నేను వెళ్లినప్పుడు కార్డు తీసుకోలేదు, క్యాష్ పెట్టుకోండి. వయసు ఎంతున్నా ఐడీ ఉండాలి, టూరిస్ట్ అయితే పాస్‌పోర్ట్. తర్వాత ఆకలేస్తే ఈస్ట్ సిక్స్త్ స్ట్రీట్ దగ్గరే, ఒకప్పుడు వరసగా ఇండియన్ రెస్టారెంట్లు ఉండేవి, ఇప్పుడు కొన్నే మిగిలాయి, రొట్టె కూర పర్లేదు కానీ బిర్యానీ మాత్రం చెప్పకండి, దానికి మనవాళ్లు ఎక్కువుండే న్యూజెర్సీలోని ఎడిసన్ రావాల్సిందే.