బెండ్ చుట్టూ 36 మైళ్లు: అల్లుడికి ఓ ఉత్తరం

అల్లుడూ,

జూన్‌లో నలుగురు స్నేహితులతో మన ఆరెగన్‌లోనే ఉన్న బెండ్ ఊరు వెళ్లి సైకిళ్లు తొక్కుతామని రాశావు, సంతోషం. ఏ దారైతే బాగుంటుందని అడిగావు కాబట్టి సూటిగా చెప్తాను: ట్విన్ బ్రిడ్జెస్ లూప్. 36 మైళ్లు. డ్రేక్ పార్క్ దగ్గర బయల్దేరి మళ్లీ అక్కడికే వస్తారు. ఆరెగన్ రాష్ట్రం సీనిక్ బైక్‌వేగా, అంటే చూడ ముచ్చటైన సైకిల్ దారిగా గుర్తించింది, బోర్డులు ఉంటాయి. మీరు చూసుకున్న ఆ 60 మైళ్లది రెండోసారికి ఉంచుకోండి. మన హిల్స్‌బరో చుట్టుపక్కల 60 తొక్కేశాం కదా అనుకోకు, అక్కడి లెక్క వేరు.

బెండ్ దాదాపు 3,600 అడుగుల ఎత్తులో ఉంది. మనకి హిల్స్‌బరోలో రోజూ పడే ఆ ముసురంతా కాస్కేడ్ కొండలకి ఇవతల, మన పడమటి వైపే కురిసిపోతుంది. అవతలికి చేరేసరికి మబ్బులో ఏమీ మిగలదు. ఏడాది మొత్తానికి 12 అంగుళాలకు అటూ ఇటూ. మన అనంతపురంలో దానికి దాదాపు రెట్టింపు పడుతుంది, అయినా మనది కరువు సీమే! ఆ ప్రాంతాన్ని ఎడారి అంటారని ఇసుక దిబ్బలు ఊహించుకోకు. బూడిద రంగు సేజ్ పొదలు, ఒళ్లు మెలిదిప్పుకున్న జూనిపర్ చెట్లు, మధ్యమధ్యలో కాలవ నీళ్లతో పచ్చగా పశువుల మేత పొలాలు, పడమట మంచు కప్పుకున్న త్రీ సిస్టర్స్ శిఖరాలు. ఎక్కడైనా ఆగినప్పుడు సేజ్ ఆకు ఒకటి వేళ్ల మధ్య నలిపి వాసన చూడు.

ఇక అసలు సంగతి. దారి మొదట్లో షెవ్లిన్ పార్క్ వైపు కాస్త ఎక్కించి, తర్వాత జాన్సన్ రోడ్డు మీద టుమాలో అనే చిన్న ఊరి దాకా హాయిగా దించేస్తుంది. తొక్కకుండానే సైకిల్ పోతుంటుంది. 'ఇంతేనా!' అనిపిస్తుంది. అదే మోసం. డెషూట్స్ నది ఉత్తరానికి పారుతుంది. అంటే ఉత్తరానికి పోయినంతసేపూ మొత్తం మీద పల్లం, ఇంటికొచ్చేటప్పుడు మిట్ట. ట్విన్ బ్రిడ్జెస్ దగ్గర నది లోయలోకి దిగి, వంతెన దాటి, మళ్లీ పైకి ఎక్కాలి. అప్పటికి ఎండ ముదిరి ఉంటుంది. అందుకని మైళ్లు సగమైతే బలం సగం అయిందనుకోకు. టుమాలో చేరేసరికి కాళ్లలో మూడొంతులు మిగిలి ఉండాలి. అక్కడే నీళ్లు నింపుకోండి, ఏమైనా తినండి. ఆ తర్వాత దుకాణం తగుల్తుందన్న ఆశ పెట్టుకోవద్దు.

పొద్దున ఏడింటికల్లా సీటు మీద ఉండాలి. జూన్‌లో కూడా ఆ వేళ చేతులు కొంకర్లు పోతాయి, పదకొండుకి మాడు కాలుతుంది. లావు జాకెట్ వేసుకుంటే తర్వాత మొయ్యాలి. తీసి జేబులో కుక్కుకోగలిగే పల్చటిది చాలు. మధ్యాహ్నం గాలి లేస్తుంది, మామూలుగా వాయవ్యం నుంచి. త్వరగా బయల్దేరితే ఉత్తరానికి పోయేటప్పుడు అది ఎదురవదు, దక్షిణానికి తిరిగొచ్చేసరికి లేస్తే వీపుని నెడుతుంది. అదొక్కటే ఆ చివరి మిట్ట మీద మనకి దొరికే సాయం.

నీళ్ల విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మొదటిసారి ఒక్క సీసాతో వెళ్లాను. ఆ పొడి గాలికి చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది, ఒళ్లు తడవదు, దాహమూ తెలియదు. తిరిగొచ్చి చూసుకుంటే నల్ల బనీను మీద, హెల్మెట్ పట్టీల మీద తెల్లగా ఉప్పు చారలు. సాయంత్రమంతా తలనొప్పితో పడుకున్నాను. మనిషికి రెండు పెద్ద సీసాలు, దాహం వేసినా వేయకపోయినా గంటకి ఒకటి ఖాళీ కావాలి. ఎనర్జీ బార్లు మీ ఇష్టం. నేనైతే ఉప్పు పల్లీలు, ఓ డబ్బాలో పులిహోర. నవ్వుకోండి, పర్లేదు.

పంక్చర్ సంగతి మర్చిపోయా. అక్కడ గోట్‌హెడ్ అనే ముల్లు ఉంటుంది. పేరు చూసి కంగారు పడకు, అది మన పల్లేరు కాయే! చిన్నప్పుడు చేలగట్ల మీద మీ అమ్మా నేనూ కాళ్లలోంచి పీక్కున్నదే. బయటి నుంచి వచ్చి ఇక్కడ కలుపు మొక్కలా పాతుకుపోయింది. రోడ్డు పక్క కంకర మీద సైకిల్ దింపితే చాలు, టైరులో దిగుతుంది. ఓసారి ట్యూబు మార్చి, టైరు లోపల తడిమి చూడకుండా ఎక్కించేశాను. వంద గజాలు పోలేదు, మళ్లీ బుస్సుమంది. విరిగిన ముల్లు మొన ఆవగింజంత లోపలే ఉండిపోయింది. పట్టకారు ఒకటి తీసుకెళ్లు. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా, మళ్లీ చెప్తున్నా మెల్లగా, చుట్టూ తడుము. మనిషికి రెండు ట్యూబులు.

అక్కడి పల్లె రోడ్లకి చాలాచోట్ల అంచు ఉండదు. ఒకరి వెనక ఒకరు వెళ్లండి, పగలైనా వెనక లైటు వెలగనీ. 2020 నుంచి ఆరెగన్‌లో స్టాప్ బోర్డు దగ్గర సైకిల్ వాళ్లు పూర్తిగా ఆగక్కర్లేదు, అడ్డం ఎవరూ లేకపోతే నెమ్మదించి పోవచ్చు. కానీ టుమాలో దగ్గర హైవే 20 దాటేచోట ఆ తెలివితేటలు వద్దు.

ఆగస్టుకి వాయిదా వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అడవులు అంటుకునే కాలం, పొగ కమ్మితే త్రీ సిస్టర్స్ కాదు కదా ఎదుటి చెట్టే కనిపించదు.

మౌంట్ హుడ్ మీదుగా కారులో మూడున్నర గంటలు పైనే పడుతుంది, ముందు రోజే వెళ్లి పడుకోండి. శనివారం ఇంటికి రా. చిన్న పంపు, పట్టకారు ఇస్తాను. ట్యూబు మార్చడం నా ముందు ఒకసారి చేసి చూపించాకే వాటిని తీసుకెళ్లాలి.

మీ మామయ్య