పత్తాల కట్టలోంచి రెండు ముక్కలు తీస్తే రెండూ ఆసులే వచ్చే అవకాశం ఎంత?

జోకర్లు పక్కన పెడితే 52 ముక్కలు, వాటిలో ఆసులు 4. మొదటి ముక్క ఆసు అయ్యే అవకాశం 4/52, అంటే 1/13. రెండోదాని దగ్గరే మా నల్గొండ ట్యూషన్ పిల్లలు తడబడతారు. తీసిన ఆసును మళ్లీ కట్టలో పెట్టలేదు కదా, ఇక మిగిలింది 51 ముక్కలు, 3 ఆసులు. కాబట్టి 4/52 × 3/51 = 1/221. తిరిగి పెట్టి కలిపితే మాత్రం 1/13 × 1/13 = 1/169. ప్రశ్నలో ‘తిరిగి ఉంచకుండా’ అని ఉందో లేదో చూసుకోండి, మార్కులు పోయేది అక్కడే.

‘కనీసం ఒక ఆసు’ అని అడిగితే తిప్పి లెక్కేయండి. ఒక్క ఆసూ రాకపోయే అవకాశం 48/52 × 47/51 = 188/221. దాన్ని 1లోంచి తీసేస్తే 33/221, దాదాపు 15 శాతం. దసరాకు ఊళ్లో పత్తాలాడే మా బాబాయి ఇది నమ్మడు, అది వేరే సంగతి.