చెరువు నీళ్ల బ్యాక్టీరియాకి గ్రాఫులు గీసే అమ్మాయిని బీఎడ్ కి పంపాలా?

పూసపాటిరేగ వైపు నుంచి ఒక రొయ్యల రైతు రాశారు: "మా గుంట విజయనగరంలో బీయెస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. ప్రాజెక్టు అని మా చెరువు నీళ్లే పట్టుకెళ్లింది, అప్పట్నుంచి రాత్రీ పగలూ లాప్టాప్ లో రంగు రంగుల బార్లు గీస్తోంది. దీనికి ఉద్యోగం ఉంటాదా, బీఎడ్ చేయించీమంటారా?"

నమస్తే అండి. మీరు వాట్సాప్ లో పెట్టిన ఆ గ్రాఫు ఫోటో జూమ్ చేసి మరీ చూశాను. బీఎడ్ సంగతి తర్వాత, ముందు అదేంటో చెప్తా, ఎందుకంటే అది మీ చెరువు గురించే.

మీరు ల్యాబ్ కి నీళ్లు తీసుకెళ్తే ప్లేటు మీద పెంచి పసుపు కాలనీలు ఇన్ని, పచ్చ కాలనీలు ఇన్ని అని విబ్రియో (రొయ్యకి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) లెక్క చెప్తారు కదా. కానీ నీళ్లలో ఉండే బ్యాక్టీరియాలో చాలా రకాలు ప్లేటు మీద అసలు పెరగవు. అందుకే పెంచకుండానే నీళ్లలోంచి డీఎన్ఏ తీసి, బ్యాక్టీరియా అన్నిట్లోనూ ఉండే 16ఎస్ అనే జీన్ చదివి ఏది ఎంత వంతు ఉందో లెక్కేస్తారు. ఒక్కో బారు ఒక్కో శాంపిల్, ఒక్కో రంగు ఒక్కో రకం.

అసలు తిరకాసు ఇక్కడుంది. ప్రతి బారునీ 100 శాతానికి సమానం చేసేస్తారు. రేవులో ఒక తట్ట చూసి సగం కవళ్ల చేపలే అని చెప్పొచ్చు గానీ ఆ పడవకి మొత్తం ఎంత పడిందో తట్ట చూస్తే తెలీదు కదండీ, ఇదీ అంతే, విబ్రియో రంగు పెద్దదయిందంటే అది నిజంగా పెరిగుండొచ్చు, లేదా మిగతావి తగ్గిపోయి ఇది పెద్దగా కనిపించొచ్చు. ఫోటోలో ఆ రంగు పక్కనే పెన్సిల్ తో మీ అమ్మాయి రాసుకుంది: "పెరిగిందా? మిగతావి తగ్గాయా? క్యూపీసీఆర్ గురించి సార్ ని అడగాలి." మొత్తం ఎంతుందో కొలిచేది ఆ క్యూపీసీఆరే. ఎవరూ చెప్పకుండా ఆ అనుమానం వచ్చిందంటే ఈ పిల్లకి ఈ పని పట్టుబడుతుందని నాకు నమ్మకం కుదిరింది.

తప్పులూ ఉన్నాయి, చెప్పండి తనకి. ముప్ఫై పైనే రంగులు పెడితే ఏది ఏదో ఎవరికీ తెలీదు, పెద్దవి పది ఉంచి మిగతావన్నీ "ఇతరాలు" అని కలిపెయ్యాలి. మూడో బారులో సగం క్లోరోప్లాస్ట్ అని ఉంది, అది నీళ్లలోని నాచుది, దాన్ని తీసేసి మళ్లీ గియ్యాలి. మీరు కూడా వైట్ స్పాట్ (రొయ్యల తెల్లమచ్చ జబ్బు) ఇందులో వెతక్కండి, అది వైరస్, దానికి 16ఎస్ జీనే ఉండదు.

ఇక ఉద్యోగం. ఒట్టి బీయెస్సీతో ఇందులో రాదు, ఎమ్మెస్సీ తప్పదు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే ఎమ్మెస్సీ సీట్లకి గ్యాట్-బీ అనే ఎంట్రెన్స్ రాయించండి, వాటికి స్టైపెండ్ కూడా ఉంటుంది. సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ, ఆంధ్రా యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టి పీహెచ్డీలో చేరితే నెలకి 37,000 ఫెలోషిప్. కానీ పని దొరికేది ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో, మన జిల్లాలో చాలా తక్కువ, అమ్మాయిని దూరం పంపడానికి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

బైపీసీ పిల్లలకి లెక్కలంటే భయం, ఇక్కడ మాత్రం స్టాటిస్టిక్స్ లేకపోతే ముందుకెళ్లలేరు. రోజూ ఒక గంట స్టాటిస్టిక్స్, ఒక గంట ఆర్ (లెక్కలు చేసి గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్). ఆర్ ఫ్రీ, అందులో ఇలాంటి బ్యాక్టీరియా డేటాకి వాడే ఫైలోసెక్ ప్యాకేజీ ఫ్రీ, ప్రాక్టీసుకి ఎంగ్నిఫై సైట్ లో ప్రపంచం నలుమూలల డేటా ఫ్రీ. ఆరు వారాల సర్టిఫికెట్ కి వేలకి వేలు అడిగేవాళ్లకి మాత్రం దయచేసి కట్టకండి, అలా కట్టేసి తర్వాత నా దగ్గరికొచ్చి బాధపడిన తండ్రులున్నారు.

బీఎడ్ ఎమ్మెస్సీ అయ్యాక కూడా చెయ్యొచ్చు, ఇప్పుడు ఆపకండి. ఈ ఆదివారం మేత వేసేటప్పుడు తనని గట్టు మీదకి తీసుకెళ్లి, మీరు పోసే ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా) ఈ చెరువులో నిలుస్తోందా లేదా అని అడగండి. తనేం చెప్పిందో, ఇంటర్ మార్కులతో పాటు నాకు రాయండి, ఏ పరీక్షకి ముందు కూర్చోవాలో చెప్తాను.