కుడి కణత మీది గోళీ

ముత్తుకూరు,
ఆదివారం మధ్యాహ్నం

పాపా,

మీ నాన్న నిన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. నిమ్మకాయల ధర పడిపోయిందని చెప్పుకోవడానికేమో అనుకున్నా. కాదు. "అక్కా, నీ మేనకోడలికి పీహెచ్‌డీ సీటొచ్చింది, మెదడు మీదంట, నీ దారేనంట" అన్నాడు. ఆ మాట అనేటప్పటికి వాడి గొంతు మారింది, నాదీ మారింది. కాసేపు ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకున్నాం.

సాయంత్రం నువ్వు చేసిన ఫోన్‌తో మాత్రం నాకు నిద్ర పట్టలేదు. "అత్తా, వెయ్యిమందికి పైగా మెదడు స్కాన్లు డౌన్‌లోడ్ చేస్తాం, అన్నిటినీ మొదట్నుంచీ మేమే ప్రాసెస్ చేస్తాం, ల్యాబ్‌కి పెద్ద లెక్కలు చకచకా చేసే జీపీయూ చిప్పులు కొత్తవి నాలుగొస్తున్నాయి, సర్వర్ టైం ఫ్రీ" అన్నావు. గుక్క తిప్పుకోకుండా చెప్పావు, నాకు ముచ్చటేసింది. ఆ చివరి మాట దగ్గరే ముల్లు గుచ్చుకుంది. వాట్సాప్‌లో ఇంత పొడుగు పెడితే నువ్వు చదవవు, అందుకే కాయితం.

ఫ్రీ అంటే ఏందో మీ నాన్ననడుగు. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చాక పొదలకూరు తోటలో బోరుకి ఆటో స్టార్టర్ పెట్టించాడు. ఏ అర్ధరాత్రి కరెంటొస్తే ఆ అర్ధరాత్రి మోటార్ దానంతటదే లేచేది. చెట్టుకు దప్పికయిందా లేదా అని చూసే మనిషి లేడు. తెల్లారి పోయి చూస్తే పాదులు నిండి, గట్టు తెగి, బాటంతా బురద. నిమ్మకు నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుందని తెలియని రైతు కాదు వాడు. అయినా రెండెకరాలు పోయింది, ఆ తర్వాత బోరూ ఎండింది. మీ తాత ఒక్క మాటే అన్నాడు, "బిల్లు రాకపోతే నీళ్ళు రాలేదనుకున్నావా?" అని. నువ్వు పడుకోబోయే ముందు సర్వర్‌లో వరస పెట్టబోయే జాబులు, అదే, కంప్యూటర్‌కి అప్పగించే పనులు, నా కంటికి ఆ ఆటో స్టార్టర్ మాదిరే కనపడుతున్నాయి.

నేనేమీ పుట్టుకతో బుద్ధిమంతురాలిని కాదులే. ఇరవై ఏడేళ్ళు బెంగుళూరులో మెదడు పరిశోధన చేసేవాళ్ళ కంప్యూటర్లు చూసుకున్నా. ఒక్కరోజన్నా ఆ కరెంటు యాడ పుడతా ఉందో తలుచుకోలేదు. గోడలో సాకెట్లో పుడుతుంది, అంతే. రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకుని, మేడ మీద గుమ్మడి వడియాలు పెడతా తలెత్తి చూస్తే కృష్ణపట్నం వైపు పొగగొట్టాలు కనపడ్డాయి. ఓడల మీద బొగ్గు దిగడం, రాత్రంతా ఎర్ర దీపాలు మినుకుమినుకుమనడం. మన దేశంలో సగటున ఒక్క యూనిట్ కరెంటుకి 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క. ఆ అంకె చదివిన రోజు నా పాత పాపం ఒకటి గుర్తొచ్చింది. అది చెప్పడానికే కూర్చున్నా, ముందు చిన్నచిన్నవి గబగబా చెప్పేస్తా.

డౌన్‌లోడ్ చేసే ముందు, ఎవరన్నా ఇప్పటికే ప్రాసెస్ చేసి పెట్టారేమో చూడు. మెదడులోని లంకెలకు పటం గీసే హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్ దాదాపు 1,200 మంది డేటాని శుభ్రం చేసే ఇస్తోంది. ఆటిజం మీద అబైడ్ సేకరణలో 1,112 మంది ఉన్నారు, వాళ్ళ డేటాని నాలుగు రకాల పద్ధతుల్లో వండి వార్చి పెట్టారు. వండిన అన్నం ఉండగా మళ్ళీ ఎసరు పెట్టడం ఎందుకు? "మా పద్ధతిలో మేమే చేయాలి" అని మీ సారు అంటే, ఎందుకో అడుగు. మంచి కారణం ఉంటే చెయ్యి. చాలాసార్లు ఉండదు.

స్కాన్లను శుభ్రం చేసే ఎఫ్ఎంఆర్ఐప్రెప్ సాఫ్ట్‌వేర్ వాడతామన్నావు. మంచిదే. అయితే దాన్ని ఊరికే వదిలేస్తే ప్రతి మెదడుకూ ఫ్రీసర్ఫర్ అనే ఇంకో ప్రోగ్రాంతో పైమడతల ఉపరితలం కూడా గీస్తుంది, గంటలు మింగేది అదే. నీ ప్రశ్నకు ఉపరితలం అవసరం లేకపోతే దాన్ని ఆపే ఆప్షన్ ఉంది, వాడు. అవసరమై, అంతకుముందే ఫ్రీసర్ఫర్ నడిపి ఉంటే ఆ ఫోల్డర్ చూపించు, మళ్ళీ గీయదు. ఫాస్ట్‌సర్ఫర్ అని ఇంకొకటి ఉంది, జీపీయూ మీద మెదడు భాగాలను నిమిషంలోపే విడదీస్తుంది, మీ జీపీయూలకు అదీ ఒక పని. అవుట్‌పుట్ ఏ స్పేస్‌లో, అంటే ఏ మెదడు పటం కొలతల్లో, కావాలో అది ఒక్కటే అడుగు. పెళ్ళి భోజనంలో అన్నీ వడ్డించుకుని ఆకు మడిచే రకం నువ్వు, నాకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి.

2008 సంక్రాంతి. మా ల్యాబులో 142 మంది స్కాన్లు, కొన్నేళ్ళుగా పోగేసినవి. అవన్నీ అనలైజ్ అనే పాత ఫార్మాట్‌లో ఉండేవి. అందులో బొమ్మ ఉంటుంది గానీ కుడి ఏదో ఎడమ ఏదో కచ్చితంగా రాసి ఉండదు. ఒక్కో ల్యాబు ఒక్కో ఆచారం. ఆ తిప్పలు తీర్చడానికే తర్వాత నిఫ్టీ ఫార్మాట్ వచ్చింది. అందులోకి మార్చే స్క్రిప్ట్ నేనే రాశా. పండక్కి ఊరికి రావాలి, బస్సు రాత్రి తొమ్మిదికి. ఎనిమిదిన్నరకి 142 మందినీ, ఫార్మాట్ మార్చి ఆ మీదట మెదడు మడతలు గీసేటట్టు, వరసలో పెట్టి, ఎంటర్ కొట్టి, పరిగెత్తా. ఒక్కరి మీద నడిపి చూడలేదు. ఒక్క బొమ్మ తెరిచి చూడలేదు. చూడటానికి ఐదు నిమిషాలు పట్టేది.

భోగి మంట కాడ కూర్చుని కూడా, అక్కడ నా మిషన్లు పనిచేస్తున్నాయి గదా అని ఎంత గర్వమో! నేను నిద్రపోతున్నా పని జరిగిపోతోంది. పదకొండు రోజులకు తిరిగి పోతే మొత్తం అయిపోయి ఉంది. ఎర్రరు ఒక్కటి లేదు. అచ్చు అక్రోటు పప్పుల్లాగా మెదళ్ళు, మడత మడతా తీర్చినట్టు వచ్చాయి. సారుకి చూపించా, శభాష్ అన్నాడు.

స్కానర్ దగ్గర పనిచేసే ఒక పెద్దాయన ఉండేవాడు. టీ తాగుతా నా స్క్రీన్ వైపు చూసి, "మేడం, ఆ గోళీ అటు పక్కకెట్లా పోయింది?" అన్నాడు. స్కాన్‌లోకి మనిషిని పంపే ముందు కుడి కణత మీద విటమిన్-ఇ గోళీ ఒకటి ప్లాస్టర్‌తో అంటించేవాడు ఆయన. అందులోని నూనె బొమ్మలో తెల్ల చుక్కలా మెరుస్తుంది, కుడి ఏదో తేలిగ్గా తెలుస్తుంది. నా బొమ్మలో అది ఎడమ కణత మీద మెరుస్తోంది. నా స్క్రిప్ట్‌లో ఒక మైనస్ గుర్తు లేదు. 142 మంది మెదళ్ళూ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. భాష ఎక్కువగా ఎడమ పక్క ఉంటుందని నీకు నేను చెప్పాలా? మా పని భాష మీదే.

అది అంత పెద్ద తప్పు కాదు, ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత చేసిందే తప్పు. సారుతో, "మధ్యలో కరెంటు పోయి కొన్ని ఫైళ్ళు పాడయ్యాయి సార్, మళ్ళీ నడపాలి" అని చెప్పా. కరెంటోళ్ళ మీద వేసేశా! ఎవరూ చూడకముందే అయిపోవాలని ఆ భయంలో మళ్ళీ 142 మందినీ ఒకేసారి పెట్టా. మైనస్ గుర్తు పెట్టా గానీ ఈసారి డిస్కులో చోటుందా అని చూడలేదు. మధ్యమధ్యలో పుట్టే ఫైళ్ళతో అది నిండిపోయి ఏడో రోజు అన్నీ ఆగిపోయాయి. మూడోసారి నడిపా. ఆ పెద్దాయన ఎవరికీ చెప్పలేదు. నాతో మాత్రం ఇంకెప్పుడూ టీ తాగలేదు.

మొన్న కాగితం తీసుకుని లెక్క వేశా. ఐదు మిషన్లు, ఒక్కోటి 400 వాట్లు, పదకొండు రోజులు: 528 యూనిట్లు. గదికి ఏసీలు కలుపుకుంటే 900 అనుకో. ఇప్పుడు మా ఇంటికి నెలకు 90 యూనిట్లు దాటవు. పది నెలల పాటు నేను వేసుకునే ఫ్యాను, ఫ్రిజ్జు, మిక్సీ, టీవీ సీరియళ్ళు అన్నీ కలిపి ఒక్క మైనస్ గుర్తులో పోయాయి. ఇప్పటి లెక్కన 630 కిలోల వాయువు, అదీ మొదటిసారిదే. నావి 142 మెదళ్ళు. నీవి వెయ్యి పైన. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ వాళ్ళు లక్షమందికి స్కాన్లు తీశారు. అక్కడ ఒక మైనస్ పోతే?

అందుకే, పాపా, ఒక్కరిని నడుపు. బొమ్మ తెరువు. నీ కళ్ళతో చూడు. తర్వాత ఐదుగురిని నడుపు, మళ్ళీ చూడు, ఎన్ని గంటలు పట్టింది, డిస్కు ఎంత తిన్నది రాసుకో. అప్పుడు మిగతావి. మీ సారు తొందర పెడితే పెట్టనీ. తప్పు జరిగితే, ఆ పూటే పోయి జరిగింది చెప్పు. తిడతాడు. తిట్లు తిని మెల్లగా ఒక్కసారి నడిపితే ఒక్కసారే నడుస్తుంది.

ఇంకోటి. మా కాలంలో పెద్ద జాబులన్నీ రాత్రికే పెట్టేవాళ్ళం. మిషన్లు ఖాళీ, ఏసీకి కూడా భారం తక్కువ. ఇప్పుడు కథ మారింది. పగలు ఎండ కరెంటు ఉంది, ఒక్క కర్నూలు సోలార్ పార్కే 1,000 మెగావాట్లది. పొద్దు గూకితే బరువు ఎక్కువగా బొగ్గు మీదే పడుతుంది. వీలైనప్పుడు నడిమధ్యాహ్నం నడుపు. గ్రీన్ అల్గారిథమ్స్ అని లెక్క కట్టే పేజీ ఉంది, ఎన్ని ప్రాసెసర్ కోర్లు, ఎంత మెమరీ, ఎన్ని గంటలు అని ఇస్తే ఎంత పొగో చెబుతుంది. కోడ్‌కార్బన్ అయితే నీ పైథాన్ కోడ్‌లోనే కూర్చుని రాసిపెడుతుంది. ఆ అంకె నీ పేపర్లో ఒక వాక్యంగా వెయ్యి, సిగ్గుపడకు. మెదడు బొమ్మలు తీసేవాళ్ళ అంతర్జాతీయ సంఘం ఓహెచ్‌బీఎంలో దీని కోసమే ఒక బృందం ఉంది, నిన్ను పిచ్చిదనుకోరు.

జీపీయూలు నాలుగు ఎందుకని మాత్రం అడుగు. పనిలేకుండా ఆన్‌లో ఉన్నా అవి కరెంటు తాగుతాయి, తయారవడానికే బోలెడు కరెంటు, నీళ్ళు పోసుంటారు. పక్క ల్యాబుతో కలిసి రెండు పంచుకోలేరా? నువ్వు చదవబోయే మెదడు 20 వాట్లతో నడుస్తుంది. చిన్న బల్బుకి సరిపోయే కరెంటుతో ఇన్ని ప్రశ్నలు వేస్తుంది, దాన్ని అర్థం చేసుకోవడానికి మనం పెట్టే ఖర్చు చూడు.

మందలించానని మొహం ముడుచుకోకు. నీకు ఆరేళ్ళప్పుడు బెంగుళూరొస్తే మా సర్వర్ గదికి తీసుకుపోయా, గుర్తుందా? చలికి వణికి నా కొంగులో దూరి, "అత్తా, ఈ బీరువాలు ఎందుకు గురక పెడుతున్నాయి?" అన్నావు. అందరం నవ్వాం. నవ్వాల్సిన మాట కాదని ఇన్నేళ్ళకు తెలిసింది. ఆ గది గురించి అంత సూటిగా మాలో ఒక్కరం ఎప్పుడూ అడగలేదు.

హాస్టల్లో చేరగానే అడ్రసు పంపు. మొదటి ఒక్కరి స్కాన్ అయ్యాక ఆ బొమ్మ నాకూ పంపు, నా కళ్ళు ఇంకా పనికొస్తాయి. మీ నాన్నకి ఆ ఆటో స్టార్టర్ తీసేయమని నువ్వు చెప్పు, నా మాట వినడు.

పైన ట్యాంకు పొంగి సన్‌షేడ్ మీద నుంచి ధార పడుతోంది. ఈ ఉత్తరం మొదలుపెట్టేటప్పుడు మోటార్ వేశా. పోయి ఆపాలి.

మీ అత్త