కార్డు బీరువాలో ఉంటే సరిపోదు, ఇంట్లో చెప్పాలి

అవయవదానానికి ఆధార్‌తో ఆన్‌లైన్లో రిజిస్టర్ అయ్యాను, ఇంట్లో కూడా చెప్పాలా, అమ్మ బాధపడుతుందేమో అని అడిగారు. తప్పకుండా చెప్పండి. మన దగ్గర రిజిస్టర్ అయ్యాక వచ్చే ఆ దాత కార్డు మీ కోరికను చెబుతుంది, అంతే. ఆ రోజు సంతకం పెట్టాల్సింది ఇంట్లోవాళ్ళు, వాళ్ళు వద్దంటే అక్కడితో ఆగిపోతుంది.

2018లో మా బాబాయికి బైక్ యాక్సిడెంట్ అయింది. మూడో రోజు బ్రెయిన్ డెడ్ అన్నారు, అంటే మెదడు పూర్తిగా ఆగిపోయింది, ఇక తిరిగి రాదు అని. నలుగురు డాక్టర్లు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే ఆ మాట చెప్తారని మాకెవరికీ తెలియదు. పిన్ని పట్టుకున్న చెయ్యి వెచ్చగానే ఉంది, వెంటిలేటర్ వల్ల ఛాతీ లేచి పడుతోంది, మానిటర్లో గుండె కొట్టుకుంటూ కనిపిస్తోంది, అలాంటప్పుడు ఆసుపత్రిలో అవయవదానం గురించి మాట్లాడే కోఆర్డినేటర్ వచ్చి ఎంత మెల్లగా అడిగినా ఆ మాట చెవికెక్కుతుందా? నానమ్మ అయితే "నా కొడుకుని కొయ్యనివ్వను, వచ్చే జన్మలో కళ్ళు లేకుండా పుడతాడు" అని ఒకటే ఏడుపు. పిన్ని వద్దంది. యాక్సిడెంట్ కేసు కాబట్టి పోస్ట్‌మార్టం ఎలాగూ చేశారు.

పెద్దకర్మ అయ్యాక ఎల్ఐసీ కాగితాల కోసం బీరువా తీస్తే ఆ ఫైల్లోనే బాబాయి జీవన్‌దాన్ కార్డు, అంటే మన ప్రభుత్వ అవయవదాన పథకం కార్డు ఉంది. పిన్ని దాన్ని చాలాసేపు చూసి, "ఒక్క మాట చెప్పుంటే ఒప్పుకునేదాన్ని కదరా" అంది. ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉంటుంది. రెండు కిడ్నీలు, లివర్, గుండె, ఊపిరితిత్తులు, అవన్నీ ఎవరికో ఒకరికి అందేవి, ఆయన కూడా అదే కోరుకున్నాడు.

అందుకే నేను కార్డు తీసుకోగానే చెప్పాలనుకున్నాను కానీ నోరు రాలేదు. 2025 జనవరిలో ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కి మెట్రోలో 13 నిమిషాల్లో గుండె తీసుకెళ్ళారని టీవీలో వస్తుంటే, నాకేమైనా అయితే నావి కూడా ఇచ్చెయ్యమ్మా అన్నాను. "తినేటప్పుడు ఆ మాటలేంట్రా" అని లేచి వెళ్ళిపోయింది. నేను ఇంకేం మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత తనే వచ్చి కూర్చుంది. ఖర్చు మన మీద పడుతుందా, శరీరం మనకిస్తారా అని అడిగింది. అవయవాలు తీసే ఖర్చు మనది కాదని, కుట్లు వేసి మనకే అప్పగిస్తారని, అంత్యక్రియలు మామూలుగానే చేసుకోవచ్చని చెప్పాను. కాసేపాగి, "నాకు శుక్లాల ఆపరేషన్ అయింది కదా, నా కళ్ళు పనికొస్తాయా?" అంది. పనికొస్తాయి. కళ్ళకి బ్రెయిన్ డెత్ అక్కర్లేదు, ఇంట్లో పోయినా ఆరు గంటల లోపు ఐ బ్యాంకుకి ఫోన్ చేస్తే చాలు, వాళ్ళే ఇంటికి వస్తారు. ఆ నంబర్ ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

మీ అమ్మగారు మొదట కసురుకుంటే వాదించకండి, రెండు రోజులాగి మళ్ళీ కూర్చోండి. ఆవిడకొక్కరికే కాదు, ఆ రోజు ఆసుపత్రికి ముందు పరిగెత్తేది ఎవరో, అన్నయ్యో బావగారో, వాళ్ళకీ చెప్పి ఉంచండి. అమ్మ తేరుకోలేని స్థితిలో ఉంటే మీ మాట ఆమెకు గుర్తు చేయాల్సింది వాళ్ళే.