ఆయిల్ రెడ్ ఓ (కొవ్వుకి పట్టే ఎర్ర రంగు) వేస్తే చుక్కలు కనిపిస్తున్నాయి, జీపీడీహెచ్ (గ్లిజరాల్-3-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్) మాత్రం రావట్లేదు. మనిషి కొవ్వు కణాల్లో ఎప్పుడు కొలవాలి?

పొట్ట సర్జరీలో తీసిన కొవ్వు నుంచి ప్రీఎడిపోసైట్లు (ఇంకా కొవ్వు కణాలుగా మారని కణాలు) వేరు చేసి, 3టీ3-ఎల్1 అనే ఎలుక కణాలకి వాడే ప్రోటోకాలే పెట్టారు, ఎనిమిదో రోజుకి అక్కడక్కడా కొవ్వు చుక్కలున్నాయి కానీ జీపీడీహెచ్ యాక్టివిటీ దాదాపు సున్నా, కణాలు పాడైపోయాయా అని కదా మీ డౌట్. నాకైతే పాడైనట్టు అనిపించట్లేదండి. మీరు బాగా ముందే కొలిచారు, పైగా ఎలుక కణాల ప్రోటోకాల్ మనిషి కణాలకి సరిపడదు. నా పీహెచ్‌డీ అంతా ఈ కణాలతోనే గడిచింది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా.

ముందు ఆ ఎంజైమ్ పనేంటో చూడండి. ట్రైగ్లిజరైడ్ తయారవ్వాలంటే ఫ్యాటీ యాసిడ్లు వచ్చి తగులుకోడానికి గ్లిజరాల్-3-ఫాస్ఫేట్ కావాలి. కొవ్వు కణంలో గ్లిజరాల్ కైనేజ్ చాలా తక్కువ, అందుకని ఉన్న గ్లిజరాల్‌ని మళ్ళీ వాడుకోడం దానికి పెద్దగా కుదరదు, గ్లూకోజ్ విరిగినప్పుడు వచ్చే డైహైడ్రాక్సీఅసిటోన్ ఫాస్ఫేట్‌ని జీపీడీహెచ్ మార్చి ఇవ్వాల్సిందే. అంటే కణం గట్టిగా కొవ్వు దాచడం మొదలుపెట్టాకే ఇది పెరుగుతుంది. లైపోప్రోటీన్ లైపేజ్ లాంటివి అంతకంటే ముందే కనిపిస్తాయి, ఇది మాత్రం ఆలస్యంగా వచ్చే మార్కర్. 1979లోనే హోవార్డ్ గ్రీన్ ల్యాబ్ వాళ్ళు 3టీ3 కణాల్లో దీన్ని మార్కర్‌గా వాడారు, ఇప్పటికీ వాడుతున్నాం. మనిషి కణాల్లో నేను రెండు వారాలు దాటకుండా తుది రీడింగ్ తీసుకునేదాన్ని కాదు.

ఇక మీడియం సంగతి, నా లెక్కలో అసలు సమస్య ఇక్కడే. ఎలుక కణాలకి 10 శాతం సీరమ్ ఉన్నా నడుస్తుంది, మనిషి ప్రీఎడిపోసైట్లకి డిఫరెన్షియేషన్ టైమ్‌లో, అంటే కొవ్వు కణాలుగా మారేటప్పుడు, సీరమ్ అడ్డు పడుతుంది. 1989లో హౌనర్ వాళ్ళు సీరమ్ లేని మీడియం చూపించారు, ఇన్సులిన్, కార్టిసాల్, టీ3 (థైరాయిడ్ హార్మోన్), ట్రాన్స్‌ఫెరిన్, బయోటిన్, పాంటోథెనేట్ అన్నీ మనమే వేస్తాం, మొదటి మూడు రోజులు ఐబీఎంఎక్స్ అనే రసాయనం కూడా. దీనికి తోడు కణాన్ని కొవ్వు కణంగా మార్చే పీపార్ గామా అనే ప్రోటీన్‌ని లేపే రోసిగ్లిటజోన్ లాంటి మందు మొదటి రోజుల్లో ఇస్తే చాలా తేడా ఉంటుంది, నేను అది లేకుండా ఎప్పుడూ పెట్టలేదు. అలా పెట్టిన కణాల్ని రోజూ మైక్రోస్కోప్ కింద చూస్తే సన్నగా పొడుగ్గా ఉన్నవి మెల్లగా గుండ్రంగా అవుతూ, న్యూక్లియస్ చుట్టూ చిన్న చిన్న మెరిసే చుక్కలు గుంపుగా వస్తాయి, తర్వాత ఆ చుక్కలు పెద్దవవుతాయి. మీరు ఎనిమిదో రోజు చూసింది ఆ మొదటి దశే అనుకుంటా.

కొలిచేటప్పుడు కణాల్ని ఐస్ మీదే గీకి, సోనికేట్ చేసి, స్పిన్ చేశాక పైన తేలిన కొవ్వు పొర తగలకుండా కింది ద్రవం తీయండి. జీపీడీహెచ్ పనిచేసేటప్పుడు వాడుకునే ఎన్ఏడీహెచ్ ఖర్చవుతుంటే 340 నానోమీటర్ల దగ్గర రీడింగ్ కిందికి దిగుతుంది కదా, సబ్‌స్ట్రేట్ (డైహైడ్రాక్సీఅసిటోన్ ఫాస్ఫేట్) వెయ్యకముందే కాసేపు నడిపి చూడండి, అప్పుడు కూడా కొంచెం దిగుతుంటే అది జీపీడీహెచ్ కాదు, తీసెయ్యాలి. గీత తిన్నగా ఉన్న భాగం నుంచే స్లోప్ తీసుకోండి. ప్లేట్ రీడర్‌లో చేస్తుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, రీడింగ్ నుంచి ఎన్ఏడీహెచ్ ఎంతో లెక్కకట్టడానికి వాడే 6.22 అనే నంబర్ ఒక సెంటీమీటర్ దూరానికి, వెల్‌లో ద్రవం అంత లోతు ఉండదు, పాత్‌లెంత్ (వెలుతురు ద్రవంలో ప్రయాణించే దూరం) సరిచెయ్యకపోతే ఉన్న యాక్టివిటీ కూడా తక్కువ చూపిస్తుంది.

యాక్టివిటీని ప్రోటీన్‌తో భాగించేటప్పుడు, ప్రోటీన్ కొలవడానికి బీసీఏ పద్ధతి వాడుతున్నారా? లైసిస్ బఫర్‌లో మెర్కాప్టోఇథనాల్ ఉంటే బీసీఏ ప్రోటీన్‌ని ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు యూనిట్లు పడిపోతాయి. బ్రాడ్‌ఫర్డ్ పద్ధతికి అంత ఇబ్బంది ఉండదు.

ఇంకోటి, డోనర్ డోనర్‌కి తేడా చాలా ఎక్కువ, పాసేజ్‌లు (కణాల్ని కొత్త ప్లేట్‌లోకి మార్చి పెంచిన సార్లు) పెరిగేకొద్దీ కణాలకి కొవ్వుగా మారే శక్తి కూడా తగ్గిపోతుంది. కాబట్టి ఇద్దరు డోనర్ల నంబర్లు నేరుగా పోల్చకుండా, ప్రతి డోనర్‌కీ డిఫరెన్షియేట్ చెయ్యని వెల్స్ అదే ప్లేట్‌లో పెట్టి దానితో పోల్చండి. ఒక మనిషి ఆపరేషన్‌లో ఇచ్చిన టిష్యూ అది, మళ్ళీ అడిగితే రాదు, అందుకే తక్కువ పాసేజ్‌లో కొన్ని వయల్స్ ముందే ఫ్రీజ్ చేసి పెట్టుకోండి. ఇప్పుడున్న ప్లేట్‌ని పారెయ్యకండి, ఇన్సులిన్ కార్టిసాల్ ఉన్న సీరమ్ లేని మీడియంలోకి మార్చి ఇంకో వారం ఉంచి కొలిచి చూడండి, ఈలోపు కొత్త బ్యాచ్ సరైన మీడియంతో మొదలుపెట్టండి.