పొడుగు ఇంగ్లిషు మాటలకు భయపడి చదువు మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివింది. ఇంటర్ బైపీసీ పూర్తయింది, ఎంబీబీఎస్‌ సీటు రాలేదు. బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చాలా, మెడికల్ కోడింగ్ (డాక్టరు రిపోర్టులకు కోడ్‌లు వేసే పని) నేర్పించాలా అని ఆలోచిస్తున్నాం. రెండింటిలోనూ చాంతాడంత ఇంగ్లిషు మాటలుంటాయంటున్నారు. కష్టమైన పదాల పుస్తకం కొనిచ్చి రోజుకు 50 చొప్పున బట్టీ పట్టిస్తున్నాను. రాత్రి అప్పజెప్పమంటే సగం మరిచిపోతోంది. ఈ రంగం తనకు సరిపడుతుందా?
- ఒక తండ్రి, నెల్లూరు జిల్లా

జవాబు: ముందుగా ఆ పుస్తకం పక్కన పెట్టించండి. మీరు అడిగింది నర్సింగా, కోడింగా అని. మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న మాత్రం వేరు: తెలుగులో చదివిన పిల్ల ఇంగ్లిషు చదువులో నెగ్గుకురాగలదా? ఏటా ఫలితాలు వచ్చిన వారం నుంచి ఇదే ప్రశ్న రకరకాల రూపాల్లో నా దగ్గరికి వస్తుంది. నెగ్గుకురాగలదు. ఎలాగో చెబుతాను.

మీ అమ్మాయి హైస్కూల్లో 'కిరణజన్యసంయోగక్రియ' అనే మాట నేర్చుకుంది. దాన్ని 10 అక్షరాల మాటగా బట్టీ పట్టలేదు. కిరణం, జన్యం, సంయోగం, క్రియ అని విడదీసి అర్థం చేసుకుంది. వైద్యంలోని పొడుగు ఇంగ్లిషు మాటలూ అలా అతికిన ముక్కలే, గ్రీకు, లాటిన్ సమాసాలు. తెలుగు వ్యాకరణంలో విగ్రహవాక్యం రాసిన పిల్లకు ఈ పని కొత్త కాదు.

'కోలిసిస్టెక్టమీ' చూడండి. ఇంగ్లిషులో 15 అక్షరాలు. 'కోలి' అంటే పిత్తం, 'సిస్ట్' అంటే సంచి, 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం. మన 'పిత్తాశయం' కట్టుబడి కూడా అదే: పిత్త, ఆశయం, మధ్యలో సవర్ణదీర్ఘ సంధి. పిత్తాశయంలో రాళ్లు వచ్చినవారికి చేసే ఆపరేషన్ పేరు కోలిసిస్టెక్టమీ. 'ఎక్టమీ' ఒక్కటి తెలిస్తే అపెండెక్టమీ, టాన్సిలెక్టమీ, గర్భసంచి తీసేసే హిస్టరెక్టమీ వెంట వస్తాయి. 'ఐటిస్' అంటే వాపు అని తెలిస్తే హెపటైటిస్ కాలేయానిది, నెఫ్రైటిస్ మూత్రపిండానిది, ఆర్థరైటిస్ కీలుది అని తనే చెబుతుంది.

ఒకే అక్షరాలు కనిపించినంత మాత్రాన ఒకే అర్థమని అనుకోకూడదు. మీ బట్టీ పద్ధతి దెబ్బతినేది ఇక్కడే. రెండు 'ఆర్‌'ల పక్కన 'హెచ్' వచ్చే మాటలు ఒక గుంపుగా ఉన్నాయి. డయేరియా, ముక్కు కారే రైనోరియా, చెవి కారే ఓటోరియా: వీటిలో ఆ అక్షరాలకు మూలం 'పారడం' అనే గ్రీకు మాట. మన 'అతిసారం'లోని సారం కూడా పారడమే. అవే అక్షరాలున్న హెమరేజ్‌లో మూలం 'బద్దలవడం', అంటే నాళం పగిలి రక్తం పోవడం. హెర్నియాను కుట్టి సరిచేసే హెర్నియోరాఫీలో మూలం 'కుట్టు'. ఒకటి పారేది, ఒకటి పగిలేది, ఒకటి కుట్టేది. చివరి ముక్క ఏదో చూసుకుంటే ఈ తేడా ఎన్నటికీ మరిచిపోరు. పేజీలో పైనుంచి కిందికి బట్టీ పడితే మూడూ కలగాపులగమవుతాయి.

ఇంకాస్త జాగ్రత్త అవసరమైన చోటు పెద్దపేగు ఆపరేషన్లు. కోలాటమీ అంటే పేగుకు గాటు పెట్టడం, కొలెక్టమీ అంటే పేగు భాగాన్ని తీసేయడం, కొలాస్టమీ అంటే పొట్ట మీద కొత్త ద్వారం తెరిచి పేగును అక్కడికి కలపడం. ఒకటి రెండు అక్షరాలే తేడా, కానీ ఇంటికి వెళ్లాక ఆ రోగి బతుకు పూర్తిగా వేరు. నర్సుకైనా కోడర్‌కైనా కావలసింది ఈ తేడాను పట్టే కన్ను. వేగంగా అప్పజెప్పే నాలుక కాదు.

మీ పుస్తకం మొదటి పేజీలో 45 అక్షరాల మాట ఒకటి ఉండే ఉంటుంది, 'న్యుమోనో' అని మొదలయ్యేది. సన్నని సిలికా ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని దాని అర్థం. 1935లో అమెరికా పదక్రీడల సంఘం అధ్యక్షుడు పొడవు కోసమే దాన్ని కల్పించారు. ఆసుపత్రిలో ఆ జబ్బును సిలికోసిస్ అంటారు. ఆ 45 అక్షరాలు రానందుకు మీ అమ్మాయి ఒక్క రోజైనా బాధపడి ఉంటే, ఆ బాధ అనవసరంగా పెట్టింది మీరే.

ఇక కోడింగ్. డాక్టరు రాసిన రిపోర్టు చదివి జబ్బుకూ చికిత్సకూ నిర్ణీత సంఖ్యలు వేయడం ఆ పని. హైదరాబాద్, చెన్నైలలో జరిగే ఈ పనిలో ఎక్కువ భాగం అమెరికా ఆసుపత్రుల బిల్లుల కోసం. అక్కడ 2015 అక్టోబర్ 1 నుంచి వాడుతున్న ఐసీడీ-10-సీఎం అనే జాబితాలో జబ్బుల కోడ్‌లే 70 వేలకు పైగా ఉన్నాయి. చికిత్సల కోడ్‌లు వేరు. పిత్తాశయాన్ని ల్యాప్రోస్కోపీతో తీసేస్తే 47562, అదే ఆపరేషన్‌లో పిత్తనాళానికి కోలాంజియోగ్రఫీ (మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) కూడా చేస్తే 47563. రిపోర్టులో ఎక్కడో ఉన్న ఆ ఒక్క మాట కంటపడకపోతే బిల్లు తప్పుతుంది. ఇది ఓపిక, నిజాయతీ కావలసిన మంచి వృత్తి. దాన్ని తక్కువ చేయను.

నా అనుమానమంతా మూడు నెలల శిక్షణ, ఉద్యోగం గ్యారంటీ అనే బోర్డుల మీదే. ఇంటర్ కాగానే ఆ కోర్సులో చేరిన పిల్లలు ఏడాది తిరిగేసరికి నా దగ్గరికి వచ్చి, ఇంటర్వ్యూకు వెళితే డిగ్రీ ఏదని అడుగుతున్నారని చెప్పుకున్నారు. నేను చూసినంతలో సంస్థలు లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్ పట్టభద్రుల వైపే మొగ్గుతాయి. కోడర్ల అర్హతకు పేరున్న సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్షను 4 గంటల్లో 100 ప్రశ్నలతో పెడతారు, కోడ్ పుస్తకాలు చూసుకుని రాయనిస్తారు. అది నెగ్గినా, అనుభవం లేనివారి అర్హత పక్కన అప్రెంటిస్ అని సూచించే 'ఎ' అక్షరం ఉంటుంది. పైగా ఒకే మూసలో ఉండే రిపోర్టులకు కోడ్‌లు సూచించే సాఫ్ట్‌వేర్ ఇప్పటికే వచ్చింది. మనిషికి మిగిలేది చిక్కు కేసులు, తప్పులు పట్టే పని. వాటికి శరీరశాస్త్రం గట్టిగా తెలియాలి. ఆ పునాది మూడు నెలల్లో పడదు.

నర్సింగ్ నాలుగేళ్లు. రాత్రి డ్యూటీలుంటాయి, రక్తం చూడాలి, రోగి బంధువుల కోపం భరించాలి. ఆ డిగ్రీ ఉంటే తర్వాత కోడింగ్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఇంటర్‌తో కోడింగ్‌కు వెళ్లి ఆ తర్వాత నర్సు కావాలంటే మళ్లీ మొదటి నుంచి చదవాలి. పోలికలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే. రక్తం చూడలేనంటే ఫార్మసీ ఉంది.

భాష గురించి మళ్లీ చెబుతాను, మీ భయం అక్కడే ఉంది కనుక. మొదటి ఆరు నెలలు కష్టంగానే ఉంటుంది. తరగతిలో సగం అర్థం కాదు. అది తెలివి తక్కువై కాదు, చెవికి అలవాటు లేక. నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగు మాధ్యమం అమ్మాయికి, రోగి పేరు కొట్టేసిన డిశ్చార్జి కాగితం ఒకటి ఇచ్చాను. పెన్సిల్ తీసి ప్రతి పొడుగు మాట మధ్యలో సన్నని గీతలు గీసింది. కింద తెలుగులో 'కడుపు', 'వాపు', 'గొట్టంతో చూడటం' అని రాసుకుంది. ఉచ్చారణ తప్పింది, అర్థం ఒక్కటీ తప్పలేదు. మీ అమ్మాయికీ అలాంటి కాగితమే ఇవ్వండి, రోజుకు ఐదు మాటలు చాలు. ఇంగ్లిషు వాక్యం మాత్రం విడిగా నేర్చుకోవాలి. రోజూ పావుగంట పైకి చదివించండి, పక్కన కూర్చుని వినండి, మధ్యలో ఆపి దిద్దకండి.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెప్పాలి. మీ ఉత్తరంలో పుస్తకం ఉంది, 50 పదాలున్నాయి, మరిచిపోయిన సగం ఉంది. అమ్మాయికి ఏమిష్టమో ఒక్క వాక్యం లేదు. రోగి పక్కన నిలబడగలదా, కంప్యూటర్ ముందు ఎనిమిది గంటలు కూర్చోగలదా అన్నది ఆమెకే తెలుస్తుంది. దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, ఎవరైనా నర్సుతో పది నిమిషాలు మాట్లాడనివ్వండి, మీరు బయట ఉండండి. తిరిగొచ్చాక తనేమందో మళ్లీ రాయండి. ఆ ఉత్తరం ఆమెనే రాయమనండి, తెలుగులోనే.